బాప్తిస్మం: ఈ మాట ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

క్రైస్తవ సంఘంలోకి చేర్చుకునే నీటి దీక్షే బాప్తిస్మం. ఒంగోలు, గుంటూరు వైపు ఒకే ఊళ్లో ఈ మాట రెండు మూడు రకాలుగా వినిపిస్తుంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవాళ్లు "బాప్తిస్మం తీసుకున్నావా?" అని అడుగుతారు. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కతోలికులు, పసిబిడ్డకు జ్ఞానస్నానం చేయించామని చెబుతారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు బాప్టిజం అనేస్తారు. ఈ మాట పుట్టుపూర్వోత్తరాల గురించి జనం తరచూ అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు ఇవి. ఎవరి పద్ధతి సరైనదో తేల్చే పని నేను పెట్టుకోలేదు. ఆ వాదనలోకి మాట అర్థం వచ్చిన చోట మాత్రం పక్కకు తప్పుకోలేదు.

ఇది సంస్కృతం మాటా?

కాదు. భస్మం, విస్మయం లాంటి మాటల పక్కన పెడితే కలిసిపోతుంది కాబట్టి చాలామంది అలా అనుకుంటారు. అసలు మాట గ్రీకులో "బాప్తిస్మా". చివర "ము" తగిలిస్తే తెలుగు బైబిల్లోని "బాప్తిస్మము" తయారైంది. ఇంకో సంగతి: గ్రీకులో ఆ "తి"లోని హల్లు మన "త" లాగే పళ్లకు నాలుక ఆనించి పలికేది. కాబట్టి ఇంగ్లీషు పద్ధతిలో "బాప్టిజం" అనేవాళ్ల కంటే, పల్లెటూరి సంఘంలో "బాప్తిస్మం" అనే పెద్దావిడే గ్రీకుకు దగ్గరగా ఉంది.

క్రైస్తవం రాకముందు గ్రీకువాళ్లు ఈ మాటను దేనికి వాడేవారు?

పూజకూ ప్రార్థనకూ కాదు. ముందు "బాప్తో" అనే క్రియ ఉంది. దాని అర్థం నీళ్లలోనో రంగులోనో ముంచడం. బట్టకు రంగు అద్దడానికీ ఇదే మాట. మన అద్దకం పనివాళ్లు గుడ్డను రంగు తొట్టిలో ముంచి తీసే పనికి గ్రీకులో ఇదే పేరు. నేటి గ్రీకులో రంగుకు "వాఫీ" అన్న మాట కూడా ఈ కుదురులోదే.

"బాప్తో" నుంచి "బాప్తిజో" వచ్చింది. ఇది కాస్త బరువైన మాట. ముంచి తీయడం దగ్గర ఆగదు, పూర్తిగా మునగడం, మునిగిపోవడం దాకా వెళుతుంది. రోమన్లకూ కార్తేజ్ వాళ్లకూ జరిగిన సముద్ర యుద్ధం గురించి రాస్తూ పోలిబియస్ అనే చరిత్రకారుడు, శత్రువులు చాలా ఓడలను ముంచేశారని చెప్పడానికి ఈ క్రియే వాడాడు. ఆ ఓడలు మళ్లీ పైకి రాలేదు మరి.

మాట ఓడల దగ్గర ఆగలేదు, బజారులోనూ తిరిగింది. ప్లేటో రాసిన "సింపోజియం"లో ఒక విందు జరుగుతుంది. ఈ రాత్రి తాగుడు కాస్త తగ్గిద్దాం అనే మాట వస్తే, నాటకకర్త అరిస్టోఫనీస్, నిన్న మునిగినవాళ్లలో నేనూ ఒకణ్నే అని ఒప్పుకుంటాడు. అక్కడున్న క్రియ "బాప్తిజో". మనం "పీకల్దాకా తాగాడు" అంటాం, అదే ఇది. ప్లూటార్క్ అయితే రోమన్ చక్రవర్తి గల్బా జీవితం రాస్తూ, ఓథో అనేవాడు అప్పుల్లో మునిగి ఉన్నాడని చెప్పడానికి ఇదే మాట వాడాడు. అప్పుల్లో మునగడం గ్రీకువాళ్లకూ ఉంది, మనకూ ఉంది. ఈ ఒక్క విషయంలో అనువాదకుడికి పని లేదు.

యూదుల లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు యెషయా 21:4లో ఒక చోట "అక్రమం నన్ను ముంచేస్తోంది" అనే అర్థంలో కూడా ఇదే క్రియ పడింది. అంటే మాటకు మంచి వాసన ఏమీ లేదు. ఓడ మునక, తాగుడు, అప్పులు, భయం: అన్నిట్లోనూ మనిషి చేతిలోంచి పరిస్థితి జారిపోయిన స్థితి. పాత జీవితం చచ్చి కొత్తది మొదలవుతుందని చెప్పడానికి తొలి క్రైస్తవులు ఈ మాటనే పట్టుకోవడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. రోమా పత్రిక 6వ అధ్యాయంలో పౌలు దీన్ని చావుతో, సమాధితో ముడిపెట్టినప్పుడు, వినే గ్రీకువాడి చెవిలో ఆ మునిగిన ఓడలు ఎక్కడో మెదిలే ఉంటాయి.

బైబిల్లో "బాప్తో", "బాప్తిజో" రెండూ ఉన్నాయా?

ఉన్నాయి, కానీ కలిసిపోలేదు. కడరా భోజనంలో యేసు రొట్టె ముక్క ముంచి యూదాకు ఇచ్చినప్పుడు (యోహాను 13:26) ఉన్నది మామూలు "బాప్తో". నరకంలో ధనవంతుడు, లాజరు వేలి కొన నీళ్లలో ముంచి నా నాలుక చల్లార్చమని అడిగినప్పుడూ (లూకా 16:24) అదే. దీక్షగా ఇచ్చే మునకకు మాత్రం ఎప్పుడూ "బాప్తిజో"నే. అయితే అది దీక్షకే పరిమితం కాలేదు. మార్కు 7:4లో గిన్నెలూ చెంబులూ కడగడాన్ని చెప్పే నామవాచకం కూడా ఈ క్రియలోంచి వచ్చిందే: "బాప్తిస్మోస్".

ఆ "-మోస్"కూ మన "బాప్తిస్మా"లోని "-మా"కూ తేడా ఉంది. "-మోస్" జరిగే పనిని చెబుతుంది, "-మా" ఆ పని వల్ల ఏర్పడిన దాన్ని చెబుతుంది. "బాప్తిస్మా" అనే రూపం కొత్త నిబంధనకు ముందు గ్రీకు రాతల్లో కనిపించదు. క్రియ పాతది, ఈ నామవాచకం క్రైస్తవుల సొంత సరుకు.

బాప్తిస్మమిచ్చే యోహాను కంటే ముందు యూదుల్లో ఈ ఆచారం లేదా?

శుద్ధి కోసం నీళ్లలో మునగడం ఉంది. హీబ్రూలో దానికి "తాబల్" అనే క్రియ, మునిగే కొలనుకు "మిక్వే" అనే పేరు. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోవడానికి యొర్దానులో ఏడుసార్లు మునిగాడన్న కథ (2 రాజులు 5:14) మనవాళ్లకు బాగా తెలుసు. హీబ్రూలో అక్కడున్నది "తాబల్", గ్రీకు అనువాదంలో "బాప్తిజో". తెలుగు బైబిల్లో అక్కడ చక్కగా "మునుగు" అనే క్రియే ఉంది, బాప్తిస్మం మాట రాలేదు. ఒకే గ్రీకు క్రియ పాత నిబంధనకు వస్తే తెలుగైంది, కొత్త నిబంధనకు వస్తే గ్రీకుగానే ఉండిపోయింది. ఈ పేచీ ముందు ముందు పెద్దదవుతుంది.

యూదుల మిక్వేలో ఎవరికి వాళ్లే మునుగుతారు. యోహాను దగ్గర ఇంకొకరు దగ్గరుండి ముంచుతున్నారు. అందుకేనేమో ఆయనకు ఆ పనే పేరుగా స్థిరపడింది: గ్రీకులో "బాప్తిస్తేస్", అంటే ముంచేవాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఆయన్ని ఆ బిరుదుతోనే ప్రస్తావించాడు.

లాటిన్‌లో ముంచడానికి సొంత మాటలు లేవా? గ్రీకు మాటే ఎందుకు తెచ్చుకున్నారు?

ఉన్నాయి, ప్రయత్నం కూడా జరిగింది. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో టెర్టులియన్ ఉండేవాడు. లాటిన్‌లో క్రైస్తవ రచనకు దారి వేసినవాళ్లలో ఆయన ముందువరుస. బాప్తిస్మం మీదే విడిగా ఒక పుస్తకం రాశాడు. ఆయన చాలా చోట్ల "తింగ్వెరె" అనే అచ్చ లాటిన్ క్రియ వాడాడు. తడపడం, ముంచడం, రంగు అద్దడం దాని అర్థాలు. ఇంగ్లీషులో టింట్ అనే మాట దాని వంశమే. "మెర్గెరె" అనే ఇంకో క్రియ ఉంది, ఇంగ్లీషు సబ్‌మెర్జ్ అందులోంచి వచ్చింది. దాని వరసలోని మాటతోనే, మేము మూడుసార్లు మునుగుతాం అని టెర్టులియన్ ఇంకోచోట రాశాడు.

అయినా ఆ మాటలు నిలబడలేదు. రోమ్ నగరంలోనే తొలి తరాల క్రైస్తవుల్లో చాలామంది గ్రీకు మాట్లాడే వలస జనం. సంఘంలో వాడుక మాటలన్నీ గ్రీకులో ఉండేవి: ఎపిస్కోపస్, డయాకొనస్, ఎక్లీసియా, ఏంజెలస్. ఆ గుంపులో "బాప్తిస్మా" కూడా లాటిన్‌లో స్థిరపడింది. క్రియ "బాప్తిజారే" అయింది. జెరోమ్ తన లాటిన్ బైబిల్‌కు పని మొదలుపెట్టేసరికి (4వ శతాబ్దం చివర) మార్చే ప్రశ్నే లేదు.

టెర్టులియన్ పుస్తకం మొదట్లో ఒక వాక్యం మాత్రం చెప్పకుండా ఉండలేను. మేము చిన్న చేపలం, మా పెద్ద చేప యేసుక్రీస్తులాగే నీళ్లలోనే పుడతాం అంటాడు. గ్రీకులో "యేసు క్రీస్తు దేవుని కుమారుడు రక్షకుడు" అనే మాటల మొదటి అక్షరాలు కలిపితే చేప అనే మాట వస్తుంది, అది ఆయన చమత్కారం. కార్ల వెనక కనిపించే చేప గుర్తు అదే.

బాప్తిస్మపు తొట్టిని బాప్టిస్ట్రీ అంటారు కదా, అది చర్చి మాటేనా?

ఇప్పుడు అవును. మొదట్లో స్నానాల గది మాట. క్రీ.శ. 100 ప్రాంతంలో చిన్న ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి ఉత్తరాల్లో తన విల్లాల గొప్పలు చెప్పుకుంటూ, చన్నీళ్ల గదిలో ఎదురెదురు గోడల దగ్గర రెండు "బాప్తిస్తేరియా" ఉన్నాయని రాస్తాడు. అంటే మునిగి స్నానం చేసే తొట్లు. తర్వాత బితూనియా గవర్నరుగా క్రైస్తవుల మీద విచారణ జరిపి, వీళ్లను ఏం చేయాలి అని చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాసింది ఈ ప్లినీయే.

మాట అర్థం ముంచడం అయితే, నీళ్లు పోయడం, చిలకరించడం ఎలా వచ్చాయి?

ఈ ప్రశ్న మన దగ్గర కూడా కుటుంబాలను చీల్చింది. పెళ్లి చూపుల్లో "మునిగారా, చిలకరించారా?" అని అడిగే ఇళ్లు ఉన్నాయి. మాట వరకు చెబితే, ముంచడం వైపు బలం ఎక్కువ. గ్రీకు నిఘంటువుతో దీన్ని కాదనడం కష్టం. కానీ తొలి సంఘాలు నిఘంటువు పట్టుకుని నడవలేదు.

"డిడాకే" అనే చిన్న పుస్తకం ఉంది, 1వ శతాబ్దం చివర లేదా 2వ శతాబ్దం మొదట్లోది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. అందులో 7వ అధ్యాయం ఇలా చెబుతుంది: పారే నీళ్లలో బాప్తిస్మం ఇవ్వండి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో. చన్నీళ్లు కుదరకపోతే వేన్నీళ్లలో. ఏదీ తగినంత లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి. పోయడానికి అక్కడ వేరే క్రియ వాడారు. అంటే రాసినవాళ్లకు రెండు పనుల తేడా బాగా తెలుసు, అయినా రెండోదాన్నీ బాప్తిస్మంగా ఒప్పుకున్నారు. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసిన ఊరివాళ్లకు ఈ అధ్యాయం వెంటనే అర్థమవుతుంది.

మరో కారణం జబ్బు. మంచం దిగలేనివాళ్లకు పడుకున్నచోటే నీళ్లు పోసేవారు. గ్రీకులో మంచం "క్లినే", మంచాన పడ్డవాడు "క్లినికోస్". 250ల్లో కార్తేజ్ బిషప్ సిప్రియన్‌ను ఒకాయన, వీళ్లు సరైన క్రైస్తవులేనా అని అడిగాడు. సిప్రియన్ ఉత్తరం చదివితే ఆయన విసుగు కనిపిస్తుంది: కొందరు వీళ్లను క్రైస్తవులు అనకుండా క్లినికులు అంటున్నారు, ఈ పేరు ఎక్కడ దొరికిందో నాకు తెలియదు, హిప్పొక్రటీస్ లాంటి వైద్యుల పుస్తకాల్లో చదివారేమో అని ఎత్తిపొడిచాడు. నీళ్లు కొద్దిగా పడినంత మాత్రాన దేవుని కృప కొద్దిగా రాదు అన్నది ఆయన తీర్పు. మన ఊళ్లో డాక్టరుగారి క్లినిక్ కూడా ఆ మంచం దగ్గరినుంచే వచ్చింది.

చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కూడా 337లో నికొమీడియా దగ్గర, చావు దగ్గరపడ్డాకే బాప్తిస్మం తీసుకున్నాడు.

ఇంగ్లీషు బాప్టిజం లాటిన్‌నుంచి వచ్చిందా, గ్రీకునుంచా?

గ్రీకు, లాటిన్, పాత ఫ్రెంచ్, ఆ తర్వాత ఇంగ్లీషు. ఫ్రెంచ్‌లో మధ్యలోని "స్" పలకడం మానేశారు, ఇప్పటి ఫ్రెంచ్ మాట "బతెమ్". ఇంగ్లీషువాళ్లు మొదట ఆ ఫ్రెంచ్ పలుకుబడినే అనుసరించి, తర్వాత లాటిన్ చూసి "స్" తిరిగి పెట్టుకున్నారు. అంతకుముందు పాత ఇంగ్లీషులో "ఫుల్లుహ్ట్" అనే సొంత మాట ఉండేది, అది అంతరించింది. 1611 కింగ్ జేమ్స్ బైబిల్ ముందుమాటలో అనువాదకులు, ప్యూరిటన్లు అనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లలాగా బాప్టిజం తీసేసి "వాషింగ్" అని పెట్టే చాదస్తం మాకు లేదని తెగేసి చెప్పారు.

జర్మన్, డచ్ వాళ్ల దారి వేరు. వాళ్ల మాటలు "తౌఫెన్", "దోపెన్" అచ్చంగా ముంచడం అనే అర్థంలోంచి వచ్చాయి. డచ్‌లో ముంచుకుతినే చిక్కటి పులుసును "దోప్" అన్నారు. అది అమెరికా చేరి, అర్థాలు మార్చుకుంటూ డోప్ అయింది. బాప్తిస్మానికీ డోపింగ్ టెస్టుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు!

ఒక గ్రీకు క్రియకూ ఒంగోలుకూ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. 1812లో అడొనిరామ్ జడ్సన్ అనే అమెరికన్ మిషనరీ భార్యతో కలిసి ఓడలో కలకత్తా బయలుదేరాడు. ఆయనది పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే కాంగ్రిగేషనల్ సంఘం. కలకత్తా దగ్గర శ్రీరాంపూర్‌లో విలియం కేరీ బృందం ఉంది, వాళ్లు ముంచే బాప్టిస్టులు. వాళ్లతో వాదించాల్సి వస్తుందని జడ్సన్ ఓడలోనే గ్రీకు కొత్త నిబంధన ముందేసుకుని "బాప్తిజో" ఎక్కడెక్కడ ఉందో చూడటం మొదలుపెట్టాడు. ఒడ్డు చేరాక వాదించాల్సిన వాదన ఆయన దగ్గర మిగల్లేదు. 1812 సెప్టెంబరులో కలకత్తాలోనే మునిగి బాప్టిస్టు అయ్యాడు. పంపిన సంఘంతో సంబంధం తెగింది, జీతానికి దిక్కులేదు. ఆయన్ని ఆదుకోవడానికి అమెరికాలో బాప్టిస్టులు 1814లో జాతీయ స్థాయి మిషన్ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పంపిన శామ్యూల్ డేనే 1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చాడు. 1840లో నెల్లూరు కేంద్రం అయింది, తర్వాత ఒంగోలు.

ఈలోగా అనువాదం గొడవ ముదిరింది. కలకత్తా బాప్టిస్టులు బెంగాలీ కొత్త నిబంధనలో ఈ క్రియకు ముంచడం అనే అర్థం వచ్చే మాట పెట్టారు. జడ్సన్ బర్మీస్‌లోనూ అంతే. అన్ని సంఘాలకూ పనికొచ్చేలా మాటను అనువదించకుండా వదిలేయండి, లేకపోతే అచ్చుకు డబ్బు ఇవ్వం అని బ్రిటిష్, అమెరికన్ బైబిల్ సొసైటీలు భీష్మించాయి. 1836లో అమెరికా బాప్టిస్టులు అలిగి వేరే బైబిల్ సొసైటీ పెట్టుకున్నారు. మన బైబిల్లో ముంచే గుంటూరు బాప్టిస్టుకూ చిలకరించే రాజమండ్రి లూథరన్‌కూ ఒకే "బాప్తిస్మము" సరిపోతోందంటే, అది ఏ అర్థానికీ కట్టుబడని గ్రీకు రూపం కాబట్టే. నా లెక్కలో ఇది పిరికి పరిష్కారమే, కానీ పనిచేసింది.

ఒంగోలుకు వద్దాం. 1876-78 ధాత కరువులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది మునిగారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు నీళ్లలో దిగి, అలసినప్పుడు వంతు మార్చుకుంటూ పొద్దున, మధ్యాహ్నం ఇచ్చారు. క్లౌ తన చేతుల మీదుగా ఎవరికీ ఇవ్వలేదు.

కతోలికులు జ్ఞానస్నానం అనే మాట ఎందుకు వాడతారు?

దక్షిణాదిలో 17వ శతాబ్దం జెజూయిట్లు అనే కతోలిక సన్యాసులు, ముఖ్యంగా మదురైలో రాబర్తో దె నోబిలి, మత పదాలను సంస్కృతం ఆధారంగా తయారుచేసుకునే దారి పట్టారు. జ్ఞానస్నానం ఆ దారిలోది. తమిళంలో ప్రొటెస్టెంట్లు కూడా జ్ఞానస్నానమే అంటారు. మన దగ్గర మాత్రం మాటను బట్టి సంఘం చెప్పేయొచ్చు. కేరళ సిరియన్ క్రైస్తవులది మూడో దారి: వాళ్ల "మామోదీసా" సిరియాక్ భాషనుంచి వచ్చింది, గ్రీకును దాటుకుని.

జ్ఞానానికీ స్నానానికీ ముడి ఏమిటని కొందరు వెక్కిరిస్తారు. 2వ శతాబ్దంలో రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసినదాంట్లో, ఈ స్నానాన్ని "ఫోటిస్మోస్" అంటాం, ఎందుకంటే నేర్చుకునేవాళ్ల బుద్ధికి వెలుగు వస్తుంది అని ఉంది. ఫోటిస్మోస్ అంటే వెలిగించడం. ఆ లెక్కన జ్ఞానస్నానం అంత వింత మాటేమీ కాదు.

అనబాప్టిస్టులు అంటే బాప్టిస్టులకు వ్యతిరేకులా?

కాదు. గ్రీకులో "అన" అంటే ఇక్కడ "మళ్లీ". 1525లో జ్యూరిక్‌లో కొందరు, పసితనంలో పొందినది లెక్కలోకి రాదంటూ పెద్దయ్యాక మళ్లీ తీసుకున్నారు. పేరు పెట్టింది శత్రువులు. మొదటిది బాప్తిస్మమే కాదు, ఇక మళ్లీ ఎక్కడిది అని వీళ్ల జవాబు. 1527 జనవరిలో వాళ్లలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను జ్యూరిక్ పాలకులు లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మహబూబ్‌నగర్ వైపు ఉన్న మెన్నోనైట్ బ్రదరన్ సంఘాల మూలాలు ఆ వరసలోవే.

బాప్తిస్మమా, బాప్తీస్మమా?

రెండూ వాడుకలో ఉన్నాయి. గ్రీకులో "తి" హ్రస్వం, కాబట్టి బాప్తిస్మం అని రాయడం మేలు. కానీ పాటలో రాగం కోసం "తీ" అని లాగేవాళ్లను ఎవరూ ఆపలేరు. నేటి గ్రీకువాళ్లయితే మొదటి అక్షరం "బ"ను "వ"గా పలుకుతారు, వాళ్లది "వాప్తిజ్మా".

రెజ్లర్ బటిస్టా పేరుకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఆయన ఇంటిపేరు బౌతిస్తా, యోహాను బిరుదు "బాప్తిస్తేస్" స్పానిష్‌లో తీసుకున్న రూపం. ఫ్రెంచ్ పేర్లలో కనిపించే జాన్ బాప్తిస్త్ కూడా ఆ యోహానే.